చేతుల తిమ్మిరికి పానా వైద్యం

"అబ్బాయ్, క్లచ్ వైరు మార్చు. గట్టిపడిపోయింది. తెనాలి చేరేసరికి చెయ్యి లాగేస్తోంది."

"వైరు బాగానే ఉంది బాబాయ్. నువ్వు చెయ్యి పెట్టే తీరే బాగాలేదు."

కొల్లిపర, దుగ్గిరాల వైపు నుంచి వచ్చే మోటారు సైకిళ్ళు ఆగే మెకానిక్ షెడ్ల దగ్గర ఇలాంటి మాటలు వినిపిస్తూనే ఉంటాయి. తెల్లవారక ముందే పాలక్యాన్లు కట్టుకుని బయలుదేరేవారు, పసుపు యార్డుకు వెళ్ళే రైతులు, ఊరూరా తిరిగి సరుకు వేసే చిన్న వ్యాపారులు రోజుకు రెండు మూడు గంటలు బండిమీదే ఉంటారు. సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి. మణికట్టు సలుపుతుంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. చాలామంది దీన్ని వయసు మీద వేస్తారు, లేదా రోడ్డు గోతుల మీద వేస్తారు. ఏదో ఒక నూనె రాసుకుని పడుకుంటారు. బండి హ్యాండిల్ వైపు మాత్రం చూడరు.

కంపెనీలో హ్యాండిల్ బిగించేది ఒక మధ్యరకం మనిషి కొలతకు. ఆరడుగుల వాడికీ, అయిదడుగుల వాడికీ అదే బండి, అదే బిగింపు. కొన్న రోజున ఎలా ఉందో పదేళ్ళ తరువాత అమ్మే రోజునా అలాగే ఉంటుంది. సైకిలు కొన్నవాడు సీటు ఎత్తు సరిచేయించుకోకుండా ఇంటికి తీసుకుపోడు. దాదాపు లక్ష రూపాయలు పోసి కొన్న బండికి మాత్రం ఆ ఊసే తోచదు.

ఇది ఒళ్ళు నొప్పులతో పోయే సంగతి అయితే ఇంత చెప్పుకోనక్కర లేదు. బండిని ఆపడంలో ఎక్కువ పని ముందు బ్రేకుది. ఆ బ్రేకు నొక్కేది కుడిచేతి వేళ్ళు. తిమ్మిరెక్కిన వేళ్ళు లీవరును వెతుక్కోవడానికి అర సెకను ఆలస్యమైతే, 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి ఆ లోపలే దాదాపు 7 మీటర్లు ముందుకు పోతుంది. గట్టు దిగి గేదె రోడ్డు మీదికి వచ్చినప్పుడు ఆ 7 మీటర్లే లెక్క.

ముందు లీవర్లు

పని మొదలుపెట్టవలసింది హ్యాండిల్‌తో కాదు, లీవర్లతో. చాలా బండ్లకు క్లచ్, బ్రేకు లీవర్లు పైకి లేచి ఉంటాయి. వాటిని అందుకోవాలంటే మణికట్టు వెనక్కి విరిచినట్టు పెట్టాలి. అరచేతిలోకి వెళ్ళే నరాలు మణికట్టు దగ్గర ఇరుకు దారిలోంచి పోతాయి. గంటల తరబడి మణికట్టు వంగి ఉండి, పై నుంచి ఒంటి బరువు కూడా పడితే ఆ నరాలు నలుగుతాయి. తిమ్మిరి పుట్టేది అక్కడే.

సరిచూసుకోవడానికి పెద్ద విద్య అక్కర్లేదు. ఒకరు బండిని నిటారుగా పట్టుకోవాలి. నడిపే మనిషి రోజూ కూర్చునే చోటే కూర్చుని, ముందుకు చూస్తూ చేతులు హ్యాండిల్‌ మీద వేయాలి. వేళ్ళు చాచి లీవర్ల మీద పెట్టాలి. మోచేతి నుంచి వేళ్ళ కొసదాకా పక్కనుంచి చూస్తే ఒకే వాలులో, కర్ర పెట్టినట్టు ఉండాలి. మణికట్టు దగ్గర మడత కనిపిస్తే లీవరు పట్టీ బోల్టు కొద్దిగా వదులు చేసి, లీవరును కిందికో పైకో తిప్పి మళ్ళీ బిగించాలి. చాలామందికి ఈ ఒక్క పనితోనే సగం బాధ తీరుతుంది. మరీ కిందికి దించడమూ తప్పే. అప్పుడు వేళ్ళు లీవరు మీదికి వేయడానికి చెయ్యి మొత్తం తిప్పవలసి వస్తుంది.

లీవరు ఆట కూడా అప్పుడే చూసుకోవాలి. వైరుతో పనిచేసే లీవరు కొస దగ్గర సుమారు 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట ఉండడం మామూలు. ఆట బొత్తిగా లేకపోతే క్లచ్ ప్లేట్లు జారుతూ అరిగిపోతాయి. మరీ ఎక్కువైతే గేరు పడేటప్పుడు గరగరమంటుంది.

తరువాత హ్యాండిల్

మామూలు మోటారు సైకిలు హ్యాండిల్ రెండు పట్టీల కింద నాలుగు బోల్టులతో బిగించి ఉంటుంది. పట్టీ అంచు దగ్గర హ్యాండిల్ గొట్టం మీద చిన్న చుక్క గుర్తు చాలా బండ్లకు కనిపిస్తుంది. కంపెనీ బిగింపు అదే. కదిపే ముందు అక్కడ గోళ్ళరంగుతో ఒక గీత గీసుకుంటే, నచ్చకపోతే మళ్ళీ పాత చోటికి తేవచ్చు. ఇంట్లో ఆడవాళ్ళు గోళ్ళరంగు ఏమయిందని అడిగితే చెప్పడానికి కారణం దొరికినట్టే.

పొట్టివారు హ్యాండిల్‌ను తమవైపు తిప్పితే పిడులు దగ్గరవుతాయి, కాస్త కిందికి దిగుతాయి. పొడుగువారు ముందుకు తిప్పితే పైకి లేస్తాయి. ఒకేసారి ఎక్కువ తిప్పకూడదు. గీత నుంచి 4, 5 మిల్లీమీటర్లు జరిపినా చేతికి తేడా తెలుస్తుంది. మోచేతులు కొద్దిగా వంగి, భుజాలు వదులుగా ఉంటే కుదిరినట్టు. చేతులు కర్రల్లా చాచి ఉంటే గోతిలో పడిన ప్రతి దెబ్బా భుజానికే తగులుతుంది. హ్యాండిల్ తిప్పినప్పుడు లీవర్లు కూడా దానితో తిరుగుతాయి కాబట్టి వాటిని ఇంకోసారి సరిచేయక తప్పదు. లైట్ల స్విచ్చి డబ్బా లోపల చిన్న పిన్ను ఉండి, గొట్టానికి ఉన్న బెజ్జంలో కూర్చునే బండ్లు ఉన్నాయి. దాన్ని విడిగా బలవంతంగా తిప్పితే పిన్ను విరుగుతుంది.

బోల్టులు ఒకదాని తరువాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. చాలా బండ్లలో ముందువైపువి ముందు, వెనుకవైపువి తరువాత. పానాకు గొట్టం తొడిగి బలమంతా పెట్టేవారున్నారు. దానివల్ల మరలు తెగుతాయి.

ఇక్కడితో పని అయిపోయిందని బండెక్కి పోవడం ప్రమాదం. హ్యాండిల్‌ను ఎడమకు పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పి చూడాలి. వైర్లు ఎక్కడా బిగుసుకోకూడదు. లీవరు, వేలి కణుపు ట్యాంకుకు తగలకూడదు. ఆ తరువాత స్టాండు మీదే ఇంజను ఆన్ చేసి, ఎక్సలేటరు వదిలేసి, మళ్ళీ రెండు వైపులా తిప్పాలి. తిప్పుతున్నప్పుడు ఇంజను మోత పెరిగిందంటే ఎక్సలేటరు వైరు లాగుతోందన్నమాట. అలాంటి బండి మలుపులో దానంతటదే వేగం అందుకుంటుంది. డిస్కు బ్రేకు ఉంటే హ్యాండిల్ మీది బ్రేకు ఆయిలు డబ్బా మరీ వాలిపోకుండా చూడాలి.

రాజ్‌దూత్‌లు, మైసూరులో 1996 దాకా తయారైన యెజ్డీలు తిరిగిన కాలంలోనూ హ్యాండిల్ మార్చుకునే సరదా కుర్రకారుకు ఉండేది. ఇప్పుడూ ఉంది. పొట్టి హ్యాండిల్ పెట్టి ట్యాంకు మీద పడుకున్నట్టు పోయేవారు కొందరు, బుల్లెట్‌కు చేతులు చెవుల దాకా లేచే హ్యాండిల్ పెట్టేవారు కొందరు. ఉన్న హ్యాండిల్‌ను దాని పట్టీలోనే సర్దుకోవడం వేరు, ఇది వేరు. పొడుగు హ్యాండిల్‌కు పాత వైర్లు చాలవు. పైగా కంపెనీ నమూనాకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. పడిపోయి వంగిన హ్యాండిల్‌ను కాల్చి సాగదీయించడం ఇంకా చెడ్డపని. ఒకసారి వంగి తిరిగి సాగిన గొట్టం ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. కొత్తది వేసుకోవడమే.

హ్యాండిల్ ఎంత కుదిరినా, దానికి సంచులు, క్యాన్లు తగిలిస్తే చేసిందంతా వృథా. ఇక స్కూటర్లకు ఇలా హ్యాండిల్ తిప్పుకునే వీలు సాధారణంగా ఉండదు. వాటికి కూర్చునే తీరు మార్చుకోవడమే. బండి దిగినా తిమ్మిరి పోకపోయినా, రాత్రిళ్ళు నిద్రలో మెలకువ వచ్చేలా చెయ్యి మొద్దుబారినా అది మెకానిక్ పని కాదు, డాక్టరు పని. చక్కెర జబ్బు ఉన్నవారు మరీ ఆలస్యం చేయకూడదు.

కొత్త బిగింపు మొదటి రెండు రోజులు ఎవరి బండో నడుపుతున్నట్టు ఉంటుంది. అందుకని వెంటనే మళ్ళీ మార్చేయక్కర లేదు. ఆ రెండు రోజుల తరువాత నాలుగు బోల్టులకూ ఇంకోసారి పానా పెట్టి చూడాలి. మన రోడ్ల మీద ఏదో ఒకటి పావు చుట్టు వదులయ్యే ఉంటుంది.