దుబాయి నాలుగు గంటలే.. తికమక పెట్టేది టికెట్టు లెక్క!

జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి చేరడానికి బస్సులో నాలుగైదు గంటలు పడుతుంది. అక్కడ విమానం ఎక్కితే దుబాయిలో దిగడానికి పట్టేదీ ఇంచుమించు అంతే.

ఆకాశమార్గాన హైదరాబాదు నుంచి దుబాయికి దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు దాదాపు 4 గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర గంటలు. బాగా ఎత్తున వీచే గాలులు, ముఖ్యంగా చలికాలంలో, పడమటి నుంచి తూర్పుకు వస్తాయి. అందుకే పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు గాలివాలు.

1970లు, 80లలో మన జిల్లాల వారు రైళ్లలో, బస్సుల్లో బొంబాయి వెళ్లి అక్కడ విమానం ఎక్కేవారు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకుంది. దారి దగ్గరైంది గాని టికెట్టు మీది వేళలు చదవడంలో తికమక మాత్రం పోలేదు.

గడియారం గంటన్నర వెనక్కి

భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది. అందుకే మనకు తెల్లవారిన తర్వాతే దుబాయిలో తెల్లవారుతుంది. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనుక. సౌదీ, కువైట్, ఖతార్‌లలో రెండున్నర గంటలు వెనుక.

టికెట్టుపై ఏ ఊరి వేళ ఆ ఊరిదే వేస్తారు. ఇక్కడ ఉదయం 10కి బయలుదేరిన విమానం అక్కడ 12.30కు చేరుతుందని ఉంటుంది. రెండున్నర గంటల ప్రయాణం అనుకోరాదు, నాలుగు గంటలు. అదే తిరుగుప్రయాణంలో అక్కడ రాత్రి 10కి ఎక్కితే ఇక్కడ తెల్లవారుజామున 3కు దిగుతారు. చూడటానికి ఐదు గంటలు, నిజానికి మూడున్నరే.

ఏ తేదీ రాత్రి?

అసలు చిక్కు అర్ధరాత్రి విమానాలతో. టికెట్టుపై '15వ తేదీ 00.30' అని ఉంటే అది 14వ తేదీ రాత్రి పన్నెండున్నర. మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండాలి గనుక 14న మధ్యాహ్నమే ఊరు కదలాలి. 15న రాత్రి వెళితే విమానం పోయి దాదాపు ఒక రోజు అయినట్లే. చాలా విమానాలకు గంట ముందే కౌంటరు మూసేస్తారు. అప్పు తెచ్చి కొన్న టికెట్టు చేజారితే ఆ భారం ఇంటిల్లిపాదిదీ.

కబురు వెళ్లినప్పుడు..

ఇంట్లో ఎవరైనా కాలం చేస్తే "కొడుకు దుబాయిలో ఉన్నాడు, నాలుగు గంటల్లో వస్తాడు" అంటారు. సెలవు, పాస్‌పోర్టు, టికెట్టు చేతిలో ఉన్నా అక్కడి విమానాశ్రయంలో 3 గంటలు, విమానంలో మూడున్నర, ఇక్కడ తనిఖీలకూ సామానుకూ గంట, రోడ్డు మీద నాలుగైదు గంటలు. వాకిట్లో అడుగు పెట్టేసరికి 12 గంటలు. సౌదీలో ఉంటే వెళ్లి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా కూడా కావాలి.

కనుక కబురు చెప్పిన వెంటనే సెలవు దొరికిందా, టికెట్టు ఏ వేళకు, అది ఏ ఊరి వేళ అని అడగాలి. ఆ మూడూ తెలిశాకే అంత్యక్రియలు ఆపాలా వద్దా అన్నది పెద్దలు తేల్చుకోవడం మంచిది.