ఉల్క మీద అచ్చు

మ్యూజియంలో ఉల్కలు ఉంచిన గదిలోకి ఎప్పుడైనా వెళ్ళారా? కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియంలో అలాంటి ప్రదర్శన ఉంది. ఆస్ట్రియా రాజధాని వియన్నాలోని ప్రకృతిశాస్త్ర మ్యూజియంలో అయితే వెయ్యికి పైగా ఉల్కలను చూడవచ్చు. మొదటి చూపులో అవి కాలిన రాళ్ళలా కనిపిస్తాయి. “ఇంతేనా!” అనుకుని ముందుకు సాగిపోకండి. ఇనుప ఉల్కను కోసి, నున్నగా సానపట్టి, ఆమ్లంతో కడిగిన ముక్క ఉందేమో వెతకండి.

దానిమీద వెండిరంగు చారలు ఒకదానినొకటి ఖండించుకుంటూ త్రిభుజాలుగా, చతురస్రాలుగా అల్లుకుని ఉంటాయి. ఏ కంసాలో నగిషీ చెక్కాడని అనిపిస్తుంది. కాని చెక్కినవారెవరూ లేరు!

మరి అవి ఎలా వచ్చాయి? ఇనుప ఉల్కలలో చాలా వరకు ఒకప్పటి చిన్న గ్రహాల నడిగర్భం నుంచి విడిపోయిన ముక్కలు. అక్కడ ఇనుము, నికెల్ కలిసిన లోహం చల్లారేటప్పుడు రెండు రకాల పొరలుగా విడిపోయింది. నికెల్ తక్కువగా ఉన్నది కామసైట్, ఎక్కువగా ఉన్నది టేనైట్. కమ్మరి ఎర్రగా కాల్చిన కొడవలిని నీళ్ళలో ముంచితే క్షణంలో చల్లారుతుంది. ఇక్కడ అలా కాదు. అనేక ఉల్కలలో పది లక్షల సంవత్సరాలు గడిస్తే తగ్గిన వేడి కొన్ని పదుల డిగ్రీలో, కొన్ని వందల డిగ్రీలో మాత్రమే! అందుకే ఇంత వెడల్పైన చారలను మన కొలిమిలో తయారుచేయలేము.

1804లో నేపుల్స్‌లో ఉంటున్న థామ్సన్ అనే ఆంగ్లేయుడు ఒక ఉల్కకు పట్టిన తుప్పును వదిలించడానికి నత్రికామ్లం వాడి, ఈ చారలను చూశాడు. 1808లో వియన్నాలో విడ్మన్‌స్టాటెన్ కూడా విడిగా వీటిని కనుగొన్నాడు. ఆయనది అచ్చుపని చేసే కుటుంబం. 1751లో క్రొయేషియాలోని హ్రాషినా వద్ద పడిన ఉల్క ముక్కను ఆయన మంటపై వేడిచేయగా, చారలు వేర్వేరు రంగులు తేలాయి.

ఆమ్లం కామసైట్‌ను ఎక్కువగా తినివేస్తుంది. టేనైట్ సన్నని గట్లలా పైకి నిలుస్తుంది. పెడనలో కలంకారీ అద్దకం చూశారా? చెక్క అచ్చులో ఎత్తుగా ఉన్న భాగానికే రంగు అంటుతుంది. ఉల్క ముక్క కూడా అలాంటి అచ్చే! దానికి సిరా పూసి కాగితంపై అద్దారు. ఎల్‌బోగెన్ ఉల్కతో అలా తీసిన ముద్ర 1820లో ష్రైబర్స్ రాసిన గ్రంథంలో వెలువడింది. చేత్తో గీసిన బొమ్మలో గీత అటూ ఇటూ కావచ్చు. ఈ ముద్రలో గీతలన్నీ ఉల్కవే. అసలు ఉల్కను చూడనివారు కూడా కాగితం మీద చారల వెడల్పునూ కోణాలనూ కొలవవచ్చు. ఈ చారలకు నేటికీ విడ్మన్‌స్టాటెన్ పేరే ఉంది.

ఈసారి మ్యూజియంకు వెళ్ళేటప్పుడు పెన్సిలు, నోటుపుస్తకం తీసుకువెళ్ళండి. చారలను ఉన్నవి ఉన్నట్టు గీయండి. అవి సమబాహు త్రిభుజాలా, చతురస్రాలా? ఒకే ఉల్కను వేర్వేరు దిశలలో కోస్తే రెండూ కనిపించవచ్చు. మీరు శ్రద్ధగా గీస్తే, ఆ ముక్కను ఏ దిశలో కోశారో మీ బొమ్మే చెబుతుంది.