సయనైడ్ వంతెన మీద అయస్కాంతత్వం

ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో ఫెర్రిక్ లవణ ద్రావణానికి పొటాషియం ఫెర్రోసయనైడ్ కలిపితే ముదురు నీలి అవక్షేపం వచ్చింది, గుర్తుందా? 'ఫెర్రిక్ అయాన్ ఉంది' అని రికార్డులో రాసుకుని దాన్ని పారబోసి ఉంటారు. ఆ అవక్షేపమే ప్రష్యన్ బ్లూ. ఈ భాగంలో చదవబోయే అయస్కాంతాలన్నీ దాని సంతతే.

దాని నిర్మాణాన్ని ఊహించుకోండి. ఐరన్, సయనైడ్, మళ్ళీ ఐరన్ - ఈ వరుస మూడు దిశల్లోనూ సాగి ఘనాకార జాలకం ఏర్పడుతుంది. సయనైడ్‌లోని కార్బన్ బలమైన లైగాండ్ క్షేత్రాన్ని ఇస్తుంది. కాబట్టి కార్బన్ వైపున్న ఫెర్రస్ అయాన్‌లో ఆరు డి ఎలక్ట్రాన్లూ జతకూడతాయి. నైట్రోజన్ వైపు క్షేత్రం బలహీనం. అక్కడి ఫెర్రిక్ అయాన్‌లో ఐదూ ఒంటరి ఎలక్ట్రాన్లే. అంటే వంతెనకు ఒక చివరే స్పిన్ ఉంది. ఒక ఫెర్రిక్ అయాన్ ప్రభావం మరో ఫెర్రిక్ అయాన్‌ను చేరాలంటే, మధ్యలో స్పిన్ లేని ఫెర్రస్‌ను దాటాలి. అందుకే ప్రష్యన్ బ్లూ సుమారు 5.6 కెల్విన్‌ల కిందనే ఫెర్రో అయస్కాంతం.

రెండు చివరలా స్పిన్ ఉండాలంటే ఫెర్రస్ స్థానంలో క్రోమియం(3+) పెట్టాలి. దాని టి2జి ఆర్బిటాళ్ళలో మూడు ఒంటరి ఎలక్ట్రాన్లుంటాయి. అవతలి చివర నికెల్(2+) ఉంటే దాని రెండు ఒంటరి ఎలక్ట్రాన్లు ఇజి ఆర్బిటాళ్ళలో ఉంటాయి. సౌష్ఠవం వేరు కనుక అతిపాతం జరగదు. హుండ్ నియమంలో మాదిరిగా స్పిన్‌లు ఒకే దిశలో నిలుస్తాయి. సీసియం, నికెల్, క్రోమియం ఉన్న ఇలాంటి సమ్మేళనం 90 కెల్విన్‌ల వరకు ఫెర్రో అయస్కాంతంగా ఉంటుంది.

నికెల్‌కు బదులు వనేడియం పెడితే రెండు వైపులా టి2జి ఎలక్ట్రాన్లే. సయనైడ్ మీదుగా అవి బాగా అతిపాతం చెందుతాయి, స్పిన్‌లు ఎదురెదురుగా నిలుస్తాయి. 'అయితే అన్నీ రద్దవుతాయి కదా' అని తరగతిలో ఎవరో ఒకరు తప్పక అడిగేవారు. లెక్క వేద్దాం. 1995లో మిషెల్ వెర్దగేర్ బృందం ప్రకటించిన పదార్థంలో ఒక వనేడియానికి 0.86 క్రోమియం. వనేడియంలో 0.42 వంతు 2+ (మూడు ఒంటరి ఎలక్ట్రాన్లు), 0.58 వంతు 3+ (రెండు). క్రోమియం వైపు 2.58, వనేడియం వైపు 2.42. మిగిలేది 0.16. ఇది ఫెర్రి అయస్కాంతత్వం. అయస్కాంతంగా బలహీనమే, కానీ స్పిన్‌ల మధ్య పట్టు గట్టిది: క్యూరీ ఉష్ణోగ్రత 315 కెల్విన్‌లు. అయస్కాంత బలం వేరు, క్యూరీ ఉష్ణోగ్రత వేరు. పరీక్షలో ఈ రెంటినీ కలపకండి.

315 కెల్విన్‌లంటే సుమారు 42 డిగ్రీల సెల్సియస్. పారిస్‌లో దీన్ని గది ఉష్ణోగ్రత అయస్కాంతం అనవచ్చు. మన ఎల్లారెడ్డిపేటలో మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో పెడితే మాత్రం అది పారా అయస్కాంతమై కూర్చుంటుంది! సాయంత్రం చల్లబడ్డాక స్పిన్‌లు మళ్ళీ వరుస కడతాయి. గాలి మాత్రం తగలనివ్వకూడదు. వనేడియం ఆక్సీకరణం చెందితే పైన వేసిన లెక్కే మారిపోతుంది.