ర్యాంపు ఉంది, బాధ్యులెవరు?

కేంద్ర విద్యాశాఖ జరిపే ఉన్నత విద్యా సర్వే 2020-21 లెక్కల ప్రకారం దేశంలో డిగ్రీ, ఇంజినీరింగ్, పీజీ వగైరా కోర్సుల్లో ఉన్నది సుమారు 4 కోట్ల 14 లక్షల మంది. వాళ్లలో వికలాంగ విద్యార్థులు 79,035. వెయ్యికి ఇద్దరు కూడా నిండరన్నమాట. అంతకు ముందు ఏడాది ఈ సంఖ్య 92,831. జనాభాలో నూటికి 2.21 మంది వికలాంగులని 2011 జనగణన తేల్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే వాళ్లు 22 లక్షల పైచిలుకు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమేమో ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు వాళ్లకు కేటాయించాలంటోంది. ఈ తేడాలో కొంత బడి దశలోనే మొదలవుతుంది; పదో తరగతి దాటనివాళ్లు కాలేజీ లెక్కలోకి రారు. మరికొంత, చెప్పుకుంటే ఒరిగేదేమీ లేదని తమ ఇబ్బందిని దాచుకునే పిల్లలది కావచ్చు. ఈ రెండూ తీసేసినా మిగిలే తేడా చిన్నది కాదు. దానికి కారణం చట్టం లేకపోవడమో డబ్బు లేకపోవడమో అని అనుకోవడం మనకు అలవాటు. నా దృష్టిలో అసలు లోటు వేరు. ఈ పిల్లల చదువు సాఫీగా సాగేలా చూడటం ఫలానా వ్యక్తి ఉద్యోగం అని చెప్పగలిగే పరిస్థితి మన కాలేజీల్లో చాలాచోట్ల లేదు.

చట్టం మాత్రం బలమైనదే. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి; 2016 చట్టం వాటిని 21కి పెంచి డిస్లెక్సియా వంటి అభ్యసన సమస్యలనూ, ఆటిజాన్నీ, కండరాల క్షీణతనూ చేర్చింది. విద్యార్థి అవసరాన్ని బట్టి సహేతుకమైన సర్దుబాటు చేయాలనీ, పరీక్షల్లో అదనపు సమయం, జవాబులు రాసిపెట్టే స్క్రైబ్ ఇవ్వాలనీ రాసింది. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ఉన్నత విద్యాసంస్థలన్నీ 5 శాతం రిజర్వేషన్ పాటించాల్సిందేనని చెబుతూ, వికలాంగ విద్యార్థుల రోజువారీ అవసరాలు చూసే బృందాన్ని ప్రతి సంస్థలోనూ పెట్టే వీలును పరిశీలించమని యూజీసీకి సూచించింది. 2022లో యూజీసీ మార్గదర్శకాలూ వచ్చాయి. ఇన్ని కాగితాలు కాలేజీ గేటు దగ్గరికి వచ్చేసరికి ఏమవుతాయంటే, ఒక సెల్ ఏర్పడుతుంది, దానికి ఒక లెక్చరర్‌ను కన్వీనర్‌ని చేస్తారు. ఆయన చేతిలో అప్పటికే ఎన్‌ఎస్‌ఎస్ ఉంటుంది, టైంటేబుల్ కమిటీ ఉంటుంది. సెల్‌కు బడ్జెట్ ఉండదు, ఎగ్జామ్ బ్రాంచిని ఆదేశించే అధికారం ఉండదు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వచ్చే ముందు మాత్రం ర్యాంపుకు రంగు పడుతుంది. నివేదికలో దాని ఫొటో కావాలి కదా!

బాధ్యత ఒకరి చేతికొస్తే ఏం మారుతుందో అమెరికా చరిత్ర చెబుతుంది. 1948లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం గేల్స్‌బర్గ్ క్యాంపస్‌లో టిమ్ నూజెంట్ అనే యువకుడు వీల్‌చైర్ వాడే విద్యార్థుల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. వాళ్లలో చాలామంది రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులు. మరుసటి ఏడాదే ఆ క్యాంపస్ మూతపడుతుంటే విద్యార్థులు రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వెళ్లి నిరసన తెలిపారు. కార్యక్రమం అర్బానా-షాంపేన్‌కు మారింది. అక్కడ ర్యాంపులు, లిఫ్టున్న బస్సులు వచ్చాయి, వీల్‌చైర్ క్రీడలు ఊపందుకున్నాయి. ఇవన్నీ జరిగేనాటికి ఇలా చేయాలని చెప్పే చట్టమేదీ ఆ దేశంలో లేదు. ఉన్నదల్లా ఆ పనిని తన పనిగా పెట్టుకున్న ఒక డైరెక్టరు, ఆయన వెనుక నిలబడ్డ విద్యార్థులు.

నూజెంట్ పద్ధతిలోనూ లోపముంది. ఎవరి పనులు వాళ్లే చేసుకోవాలన్నది ఆయన పట్టు. సహాయకుడు లేనిదే మంచం దిగలేనివాళ్లకు తొలినాళ్లలో అక్కడ చోటు దొరకడం కష్టం. ఆ ఖాళీని పూరించింది కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం. పోలియోతో మెడ కింది భాగం దాదాపు చచ్చుబడి, రాత్రిళ్లు ఊపిరి కోసం ఐరన్ లంగ్ యంత్రంలో పడుకోవాల్సిన ఎడ్ రాబర్ట్స్ 1962లో అక్కడ చేరాడు. ఆ యంత్రం పట్టే హాస్టల్ గది లేక, క్యాంపస్ ఆసుపత్రిలోనే ఒక భాగాన్ని అతనికి వసతిగా ఇచ్చారు. అతని వెనకే మరికొందరు వచ్చారు. 1970లో వాళ్లే పూనుకొని వికలాంగ విద్యార్థుల సేవా కార్యక్రమాన్ని మొదలుపెట్టారు. డైరెక్టర్ జాన్ హెస్లర్ స్వయంగా వీల్‌చైర్ మనిషి. ఆ ఆఫీసు పెట్టుకున్న పనుల్లో సహాయకుల జాబితా తయారుచేయడం, అనువైన అద్దె ఇళ్లు వెతకడం, వీల్‌చైర్లు రిపేరు చేయడం ఉన్నాయి. వీల్‌చైర్ రిపేరు చదువుల ఆఫీసు పనేమిటని పైనుంచి చూసేవాళ్లకు అనిపించవచ్చు. దారిలో చక్రం ఊడితే క్లాసు పోతుందని దాని మీద కూర్చునేవాళ్లకు తెలుసు. అధిపతి ఎవరన్నదాన్ని బట్టి ఆ ఆఫీసు దేన్ని సమస్యగా గుర్తిస్తుందో మారుతుంది. మన సెల్లుల్లో వికలాంగ అధ్యాపకులకూ, పూర్వ విద్యార్థులకూ చోటు ఉండాలనడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

అమెరికా పార్లమెంటు 1973లో పునరావాస చట్టం చేసింది. అందులోని 504వ సెక్షన్ ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ సంస్థా వికలాంగుల పట్ల వివక్ష చూపకూడదంది. నిబంధనలు రాక నాలుగేళ్లు అది కాగితం మీదే ఉండిపోయింది. 1977 ఏప్రిల్‌లో వికలాంగులు శాన్‌ఫ్రాన్సిస్కోలోని కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో మూడు వారాలు దాటి బైఠాయించాక నిబంధనల మీద సంతకం పడింది. వాటిలో చిన్న షరతు ఒకటుంది: 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా దీని అమలు చూసే ఒక వ్యక్తిని నియమించి తీరాలి. ఇవాళ మన తెలుగు పిల్లలు ఎంఎస్‌కు వెళ్లే విశ్వవిద్యాలయాల్లో కనిపించే డిజెబిలిటీ సర్వీసెస్ ఆఫీసులకు ఊతమిచ్చిన నిబంధనల్లో ఇదీ ఒకటి. విద్యార్థి ఆ ఆఫీసులో నమోదు చేసుకుంటే, ఏ సర్దుబాట్లు ఇవ్వాలో చెప్పే లేఖ ప్రొఫెసర్లకు అందుతుంది. జబ్బు పేరు సాధారణంగా అందులో ఉండదు. ప్రతి క్లాసులోనూ తన కథ మొదటినుంచి చెప్పుకునే బాధ తప్పుతుంది.

మన దగ్గర అలాంటి ఆఫీసు పని ఎంత సూక్ష్మంగా ఉంటుందో తెలియాలంటే తెలుగు మీడియంలో డిగ్రీ చదివే అంధ విద్యార్థి పుస్తకాన్ని చూడాలి. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు కొరత లేదు. ఎన్‌వీడీఏ ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. అది చదవాలంటే అక్షరం యూనికోడ్‌లో ఉండాలి. తెలుగు ముద్రణేమో ఏళ్ల తరబడి అను ఫాంట్ల మీద నడిచింది. వాటిలో తెర మీద తెలుగు అక్షరం కనిపించినా లోపల దాగి ఉండేది ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో. ఆ పీడీఎఫ్ తెరిస్తే స్క్రీన్ రీడర్ నోట వచ్చేది అర్థంలేని గోల. స్కాన్ చేసిన పుస్తకమైతే ఆ గోల కూడా ఉండదు, అది ఉత్త బొమ్మ కాబట్టి. ఫాంటు మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి, బొమ్మ నుంచి అక్షరాలు లాగే ఓసీఆర్ ఉంది. రెండూ వత్తుల దగ్గరా, పట్టికల దగ్గరా తడబడతాయి, మనిషి కూర్చుని సరిదిద్దాలి. కాపీరైటు అడ్డమనే సాకు ఎప్పుడో పోయింది. 2012 సవరణతో మన చట్టమే అలాంటి ప్రతులకు అనుమతిచ్చింది. ఈ విషయమై కుదిరిన మారకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది మనమే. ఇక కావలసింది సెమిస్టర్ మొదలవక ముందే సిలబస్ తెప్పించుకుని, పుస్తకాలు పోగుచేసి, నెల రోజుల్లో చదవదగిన ప్రతి తయారు చేయించే మనిషి. ఆ మనిషి లేకపోతే స్నేహితులు ఫోన్లో చదివి రికార్డు చేసి పంపినంతే ఆ విద్యార్థి చదువు.

పరీక్షల సంగతీ అంతే. 2018లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలన్నాయి. మూడు గంటల పేపరుకు మరో గంట. స్క్రైబ్ కూడా ఇవ్వాలి. ఆ స్క్రైబ్‌ను వెతికేది మాత్రం చాలాసార్లు విద్యార్థే. జూనియర్లను బతిమాలి, అర్హత పత్రాలు సంపాదించి, పరీక్ష రోజు ఆ కుర్రాడు రాకపోతే తలపట్టుకోవాలి. 2021లో, చేతిరాతలో ఇబ్బంది కలిగించే డిస్‌గ్రాఫియా ఉన్న ఒక విద్యార్థినికి నీట్‌లో అదనపు గంట దక్కలేదు. నిబంధన ఉంది, ఆమె అర్హురాలే, పరీక్ష కేంద్రంలోని సిబ్బందికి ఆ సంగతి తెలియదు. సుప్రీంకోర్టు తప్పును గుర్తించి దిద్దుబాటు చర్యలు చూడమంది గానీ, మళ్లీ పరీక్ష పెట్టించలేదు. ఇలాంటి చోట కోర్టు తీర్పు ఆలస్యంగా వచ్చే ఓదార్పు. పరీక్షకు వారం ముందు ఒక ఫోన్ కాల్ చేసే ఉద్యోగి ఉండి ఉంటే ఆ కేసే లేదు.

ఇదంతా ప్రమాణాలను దిగజార్చడం కాదా అన్న ప్రశ్న అధ్యాపకుల నుంచే ఎక్కువగా వస్తుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కోర్సుకు ప్రాణమైనదాన్ని సడలించమని ఎవరూ బలవంతపెట్టలేరని అమెరికా సుప్రీంకోర్టు 1979లోనే, వినికిడి లోపమున్న ఒక నర్సింగ్ అభ్యర్థి కేసులో తేల్చింది. చిక్కల్లా ప్రాణమేది, అలవాటేది అన్న దగ్గరే. చరిత్ర పేపరులో పరీక్షించేది విషయ జ్ఞానాన్ని, చేతిరాత వేగాన్ని కాదు. అక్కడ అదనపు గంట ఎవరికీ అన్యాయం చేయదు. శస్త్రచికిత్స నేర్చే కోర్సులో చేతుల పనితనం గురించి అడగడం న్యాయమే. అప్పుడైనా వైకల్య శాతం చూసి తలుపు వేయకుండా, ఆ వ్యక్తి ఏం చేయగలరో విడిగా పరీక్షించాలని 2024 అక్టోబరులో మన సుప్రీంకోర్టు, కండరాల క్షీణత ఉన్న ఒక వైద్య విద్య అభ్యర్థి కేసులో చెప్పింది. సర్టిఫికెట్‌లో 40 శాతం వైకల్యం లేదనే కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించకూడదని 2021లో వికాశ్ కుమార్ కేసులో అంతకు ముందే చెప్పి ఉంది. ఇంత సున్నితమైన తూకాన్ని గుమస్తాకో, ఒక్క లెక్చరర్‌కో వదిలేస్తే అతిగానైనా ఇస్తారు, అసలైనా ఇవ్వరు. కోర్సు గురించి తెలిసినవాళ్లనూ వైకల్యం గురించి తెలిసినవాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టే ఆఫీసు ప్రమాణాలకు కాపలా కూడా కాస్తుంది.

దొంగ సర్టిఫికెట్ల మాటేమిటంటారు. ఉన్నాయి, కాదనలేం. వాటిని పట్టుకోవాల్సింది వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరంలో, వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ ఇచ్చే చోట. అక్కడి లొసుగుకు ప్రతి కౌంటరు దగ్గరా నిజమైన విద్యార్థిని నిలదీయడం పరిష్కారం కాదు. నాలుగేళ్లు ఒకే పిల్లవాణ్ని చూసే ఆఫీసును మోసం చేయడం, ఏటా మారే కన్వీనర్‌ను మోసం చేయడమంత సులువూ కాదు.

బరువైన అభ్యంతరం మరొకటి: మా కాలేజీలో ఉన్నది ఒక్కరో ఇద్దరో, వాళ్ల కోసం జీతమిచ్చి ఒకరిని పెట్టాలా? మారుమూల డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ ఈ మాట అంటే తప్పుపట్టలేం. అయితే అనుకూలాలు లేనందువల్లే ఒక్కరో ఇద్దరో వస్తున్నారన్న సంగతి మరవకూడదు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా అంధుడన్న కారణంగా ఇంటర్‌లో సైన్స్ దక్కక కోర్టుకెక్కారు. మంచి మార్కులు తెచ్చుకున్నా ఐఐటీ దారి ఇక్కడ మూసుకుపోతే అమెరికాలోని ఎంఐటీలో చేరారు, తర్వాత హైదరాబాద్‌లో పరిశ్రమ పెట్టారు. కోర్టుకెక్కే మొండితనం లేని మామూలు విద్యార్థి ఆ తొలి గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. వాణ్ని మన లెక్కలు అసలు చూడవు. ఖర్చుకు జవాబు, ప్రతి కాలేజీకీ ఒక ఆఫీసు అక్కర్లేదన్నదే. మన డిగ్రీ కాలేజీల్లో అధికభాగం ఏదో ఒక విశ్వవిద్యాలయం కింద ఉన్నవే. పుస్తకాల మార్పిడి, స్క్రైబుల జాబితా, సంజ్ఞాభాష తెలిసినవాళ్లను పిలిపించడం విశ్వవిద్యాలయం స్థాయిలో ఒక్కచోట జరిగితే వందల కాలేజీలకు సరిపోతుంది. ఒకసారి యూనికోడ్‌లోకి మారిన పాఠ్యపుస్తకం అందరికీ పనికొస్తుంది. కాలేజీలో ఉండాల్సింది ఆ ఆఫీసుకు జవాబుదారీగా ఉండే ఒక పేరు, ఆ పనికి తగ్గట్టు తగ్గించిన క్లాసులు.

గోడల, మెట్ల విషయంలో సుప్రీంకోర్టు ఇప్పుడు మరింత కచ్చితంగా ఉంది. అందుబాటు ప్రమాణాలను సలహాలుగా వదిలేసిన నిబంధన చెల్లదని 2024 నవంబరులో రాజీవ్ రాతూరి కేసులో తీర్పిచ్చి, తప్పనిసరి ప్రమాణాలు రాయమని కేంద్రానికి మూడు నెలల గడువు పెట్టింది. ఆ తీర్పుకు ఆధారమైన క్షేత్ర నివేదిక హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రానిదే. కట్టడాలకు కొలతలున్నాయి, టేపుతో చూడొచ్చు. పుస్తకానికీ పరీక్షకూ అంత తేలిక కొలత లేదు కాబట్టే అక్కడ మనిషి కావాలి. ఆ మనిషికి కావలసిన సమాచారం కూడా కొత్తగా సేకరించాల్సింది కాదు. తెలంగాణలో దోస్త్ వంటి అడ్మిషన్ కౌన్సెలింగుల్లో వికలాంగ కోటా కింద సర్టిఫికెట్లు పరిశీలించేది వేసవిలో. మొదటి సెమిస్టర్ పరీక్షలకు ఇంకా నెలల వ్యవధి ఉంటుంది. ఎవరికి ఏ వైకల్యముందో అప్పటికే కంప్యూటర్‌లో ఉంది. ఎగ్జామ్ బ్రాంచికి మాత్రం హాల్ టికెట్ల వారంలో, విద్యార్థి దరఖాస్తు పట్టుకుని వచ్చినప్పుడు తెలుస్తోంది.