రాలిన వెంట్రుక వెనక మూడు నెలలు

మనిషి తల మీద వెంట్రుకలు ఇంచుమించు లక్ష. అందులో నూటికి పది వంతున, అంటే పదివేలు, ఏ రోజు చూసినా పెరగడం మానేసి విశ్రాంతిలో ఉంటాయి. ఆ విశ్రాంతి గడువు మూడు నెలలు, సుమారు వంద రోజులు. గడువు తీరినవి ఊడిపోతాయి. పదివేలను వందతో భాగిస్తే రోజుకు వంద. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజమని వైద్యులు చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంటుంది.

వారానికోసారి తలంటుకునేవాళ్లు ఈ లెక్క తెలియక చాలా బెంగపడతారు. జడలో ఉన్న ఆరు రోజులూ ఊడినవి జడలోనే చిక్కుకుని ఉంటాయి. ఏడో రోజు కుంకుడు రసంతోనో షాంపూతోనో రుద్దగానే అన్నీ ఒక్కసారి చేతికొస్తాయి. ఆ పూట రెండు మూడు వందలు కనిపించినా అది వారం మొత్తానిది.

అసలు రాలడం వేరే తీరుగా ఉంటుంది. ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు, అంటే గట్టి జ్వరం, కాన్పు, ఆపరేషన్, తిండి మానేసి బరువు తగ్గడం లాంటివి జరిగినప్పుడు, పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒకేసారి విశ్రాంతిలోకి పోతుంది. పది శాతం కాస్తా ముప్పై అయిందనుకోండి, రోజుకు మూడు వందలు రాలతాయి. అయితే అవి రాలేది ఆ రోజు కాదు, రెండు మూడు నెలలు గడిచాక. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో డెంగీ వచ్చి తగ్గిన మనిషికి నవంబరు, డిసెంబరుల్లో జుట్టు ఊడుతుంది. అప్పటికి జ్వరం సంగతే మరిచిపోయి ఉంటారు. నింద కొత్త షాంపూ మీదకో, హాస్టల్ నీళ్ల మీదకో పోతుంది.

నీళ్ల మాట హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్‌కు వెళ్లే అమ్మాయిలూ అంటారు, బోరు మీద ఆధారపడిన బాటసింగారం వైపు ఇళ్లలోనూ అంటారు. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మి.గ్రా. లోపు ఉండాలని, వేరే నీటి ఆధారం లేనిచోట 600 దాకా ఒప్పుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. కాఠిన్యం ఎక్కువున్న ఉప్పు నీళ్లు వెంట్రుకను గరుకు చేస్తాయి, నడిమికి విరిగేలా చేయవచ్చు. కుదురు నుంచి ఊడటానికి అవే కారణమని చెప్పడానికి మాత్రం గట్టి ఆధారం లేదు. తేడా ఇంట్లోనే తెలుసుకోవచ్చు. రాలిన వెంట్రుకను తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ఒక కొసన చిన్న తెల్లటి గుబ్బ ఉంటే అది కుదురు నుంచి వచ్చింది. గుబ్బ లేని పొట్టి ముక్కలైతే విరిగినవి. విరిగేవాటికి బిగుతు జడ, తడి తల దువ్వడం, స్ట్రెయిటనర్ వేడి మానుకుంటే చాలావరకు సరిపోతుంది.

కుదురు నుంచి ఊడుతుంటే మాత్రం ముందు వెతకాల్సింది నూనె సీసా కాదు, రక్త పరీక్ష. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురు! రక్తం తక్కువైన ప్రతి స్త్రీకీ జుట్టు రాలకపోవచ్చు. కానీ ఇంత మందికి ఉన్న లోపాన్ని చూడకుండా వందల రూపాయలు తలకు రాయడం నాకు అన్యాయంగా తోస్తుంది. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనతే. హిమోగ్లోబిన్ బాగున్నా ఒంట్లో ఇనుము నిల్వ అడుగంటి ఉండవచ్చు. దాన్ని ఫెరిటిన్ చెబుతుంది. అది మిల్లీలీటరుకు 15 నానోగ్రాముల లోపుంటే లోపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. జుట్టు విషయంలో చాలామంది చర్మవైద్యులు 30-40 పైన ఉండాలని చూస్తారు. వీటితో పాటు థైరాయిడ్ పరీక్ష, అంటే టీఎస్‌హెచ్, కూడా చేయించాలి. హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు 2018 నుంచి ఉన్నాయి. పరీక్షలకు రక్తం అక్కడ ఉచితంగానే తీసుకుంటారు.

తిండి లెక్క మనకు హైదరాబాద్ తార్నాకలోనే దొరుకుతుంది. అక్కడి జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణం ప్రకారం స్త్రీకి రోజుకు 29 మి.గ్రా. ఇనుము, సుమారు 46 గ్రాముల ప్రోటీన్ కావాలి. మగవాళ్లకు ఇనుము 19 చాలు. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము ఒక్క మి.గ్రా. కూడా ఉండదు. అదే తూకం సజ్జల్లో ఆరు దాటుతుంది. పూటకో గుడ్డు, గిన్నెడు పప్పు, ఆకుకూర, తినేవాళ్లకు కార్జం చేర్చుకోవాలి. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే కూరలోని ఇనుము సరిగా ఒంటికి పట్టదు, గంట ఆగాలి. సి విటమిన్ ఉంటే బాగా పడుతుంది. స్త్రీకి రోజుకు కావాల్సింది 65 మి.గ్రా., వంద గ్రాముల జామలో రెండు వందలు దాటి ఉంటుంది. గడ్డిఅన్నారం నుంచి పండ్ల మార్కెట్ బాటసింగారం చేరిన ఈ ప్రాంతంలో జామకాయ కొనడం కష్టమేమీ కాదు. బాలింతకు పత్యం పేరుతో ఆకుకూర, పండు మాన్పించే ఇళ్లలో ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. కాన్పయ్యాక నాలుగో నెల ప్రాంతంలో జుట్టు ఎక్కువగా రాలడం మామూలే. దానికి తోడు తిండి కూడా కోసేస్తే కోలుకోవడం ఆలస్యమవుతుంది.

ఇక నూనెలు. కొబ్బరినూనె తలంటుకు ముందు రాస్తే వెంట్రుకలోని ప్రోటీన్ పోకుండా ఆపుతుందని 2003లో ముంబై పరిశోధకులు చూపించారు. వాళ్లు కొబ్బరినూనె అమ్మే కంపెనీలోనే పనిచేసేవారన్నదీ గుర్తుంచుకోవాలి. ఏమైనా అది ఉన్న జుట్టుకు రక్ష, కొత్త జుట్టుకు ఎరువు కాదు. ఉల్లి రసం పేరు నిలబెట్టింది 2002 నాటి ఒక చిన్న అధ్యయనం. రసం రాసిన 23 మందిలో 20 మందికి ఆరు వారాల్లో వెంట్రుకలు మొలిచాయి. కానీ వాళ్లందరిదీ పేనుకొరుకుడు, గుండ్రంగా మచ్చల్లా ఊడే జబ్బు. జ్వరం తర్వాత రాలే జుట్టుకు ఆ ఫలితం వర్తించదు. రోజ్‌మేరీ నూనెపై 2015లో ఇరాన్‌లో జరిగిన ప్రయోగంలో వంద మంది ఉన్నారు, అందరూ మగవాళ్లే; స్త్రీల సంగతి అది చెప్పదు. బయోటిన్ రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు, అది తిండిలోనే వస్తుంది. షాపుల్లో అమ్మే బిళ్లలో 10,000 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది. అది థైరాయిడ్, గుండె పరీక్షల ఫలితాలను తారుమారు చేయగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. పరీక్షకు వెళ్తే ఆ బిళ్ల వాడుతున్న సంగతి ముందే చెప్పండి.

జ్వరం వల్ల రాలిన జుట్టు ఏ నూనె లేకుండానే ఆరు నెలల్లో సర్దుకోవడం మొదలవుతుంది. సరిగ్గా ఆ సమయంలో ఏది రాస్తుంటే పేరు దానికొస్తుంది. వెంట్రుక పెరిగేది నెలకు ఒక సెంటీమీటరు. వారంలో ఒత్తు జుట్టు అని రాసిన సీసాను నమ్మకపోవడానికి ఈ ఒక్క అంకె చాలు.

పాపిడి నెలనెలా వెడల్పవుతూ, వెంట్రుక సన్నబడుతూ ఉంటే అది వంశంలో వచ్చే బట్టతల ధోరణి కావచ్చు. నెలకోసారి అదే వెలుతురులో పాపిడి ఫొటో తీసి పోల్చుకోండి. దీనికి బాగా ఆధారమున్న మందు మినాక్సిడిల్. స్త్రీలకు 2 శాతం ద్రావణం 1991లో అమెరికాలో అనుమతి పొందింది. పొడి తలమీద, కుదుళ్లకు, పూటకు ఒక మిల్లీలీటరు చొప్పున రెండు పూటలా రాయాలి. మొదటి వారాల్లో ఇంకాస్త రాలుతుంది, అక్కడే చాలామంది భయపడి ఆపేస్తారు. ఫలితం తెలిసేది నాలుగైదు నెలలకు. ఆపేస్తే మొలిచినవీ నిలవవు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. మిగతావాళ్లు కూడా వైద్యుణ్ని అడిగి మొదలుపెట్టడం మేలు.

గుండ్రటి మచ్చలుగా ఊడినా, మాడు మీద ఎరుపు, చీము, నున్నటి మచ్చ కనిపించినా, కనుబొమలు రాలినా, నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నా, ఆరు నెలలైనా రాలడం తగ్గకపోయినా ఇంటి వైద్యంతో కాలం గడపకండి. వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద గత ఆరు నెలల్లో వచ్చిన జ్వరాలు, వాడిన మందులు, నెలసరి తేదీలు, తగ్గిన బరువు రాసుకుని వెళ్లండి. డాక్టరు మొట్టమొదట అడిగేవి అవే.