ఎంపరర్ పెంగ్విన్: శరీర లక్షణాలు, జీవిత చక్రం

పరిచయం

హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లోని ఎత్తైన భవనాల కిటికీ అంచుల మీద, బాల్కనీల్లో పావురాలు గుడ్లు పొదగడం మీరు చూసే ఉంటారు. ఆడ, మగ పక్షులు వంతులవారీగా సుమారు 18 రోజులు పొదుగుతాయి. ఒకటి పొదుగుతుంటే రెండవది మేతకు వెళ్లి వస్తుంది. మేత దగ్గరలో దొరుకుతుంది కాబట్టి ఇది సాధ్యం. మేత పదుల కిలోమీటర్ల దూరంలో, గడ్డకట్టిన సముద్రానికి అవతల ఉంటే ఏం జరుగుతుంది? అంటార్కిటికాలోని ఎంపరర్ పెంగ్విన్ ఎదుర్కొనే సమస్య ఇదే.

శరీర లక్షణాలు

దీని శాస్త్రీయ నామం ఆప్టినోడైటిస్ ఫార్స్టరై. పెంగ్విన్లన్నిటిలో ఇదే పెద్దది. ఎత్తు సుమారు 115 సెం.మీ., బరువు కాలాన్ని బట్టి 22 నుంచి 45 కిలోలు. ఇది ఎగరలేదు, రెక్కలు ఈతకు తెడ్లలా ఉపయోగపడతాయి. చేపలు, క్రిల్, స్క్విడ్‌ల కోసం 500 మీటర్లకు మించిన లోతుకు కూడా మునగగలదు. దట్టమైన ఈకలు, చర్మం కింది కొవ్వు పొర చలి నుంచి కాపాడతాయి.

జీవిత చక్రం

మార్చి, ఏప్రిల్ నెలల్లో పెంగ్విన్లు సముద్రపు మంచు మీద గుమిగూడతాయి. మే, జూన్ నెలల్లో ఆడపక్షి ఒకే ఒక గుడ్డు పెట్టి, దానిని మగపక్షి పాదాల మీదికి చేర్చి, మేతకు సముద్రానికి వెళ్తుంది. మగపక్షి ఆ గుడ్డును పొట్ట కింది చర్మపు మడతతో కప్పి సుమారు 65 రోజులు పొదుగుతుంది. జతకట్టే కాలంతో కలిపి దాదాపు 115 రోజులు ఆహారం ముట్టదు. శరీర బరువులో 40 శాతం వరకు కోల్పోతుంది. చలిగాలిని తట్టుకోవడానికి మగపక్షులు ఒకదానినొకటి ఆనుకుని, గుంపు లోపలికీ బయటికీ మెల్లగా స్థానాలు మారతాయి.

తల్లి రాకముందే పిల్ల బయటికి వస్తే, తండ్రి తన ఆహారవాహికలో స్రవించే పాలవంటి ద్రవాన్ని పడుతుంది. పావురాలు, ఫ్లెమింగోలు కూడా ఇలాంటి ద్రవంతోనే పిల్లలను పెంచుతాయి. తిరిగివచ్చిన తల్లి తన జతను గొంతును బట్టి గుర్తిస్తుంది. ఆ తర్వాత ఇద్దరూ వంతులవారీగా మేత తెస్తారు.

శీతాకాలంలోనే ఎందుకు? పిల్లలు ఎదగడానికి నెలలు పడుతుంది. ఇప్పుడు మొదలుపెడితేనే అవి డిసెంబరు, జనవరి నాటికి, అంటే మేత పుష్కలంగా ఉండే వేసవిలో, సముద్రంలోకి దిగగలవు.

పొంచి ఉన్న ముప్పు

పిల్లల నూగు నీటిని అడ్డుకోలేదు. నీటిని తట్టుకునే ఈకలు రాకముందే మంచు విరిగితే పిల్లలు మునిగి లేదా చలికి చనిపోతాయి. 2022లో బెల్లింగ్స్‌హాసెన్ సముద్ర ప్రాంతంలోని ఐదు స్థావరాల్లో నాలుగింటిలో ఇదే కారణంగా పిల్లలు దక్కలేదని ఉపగ్రహ చిత్రాలు సూచించాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పావురం, ఎంపరర్ పెంగ్విన్ పొదిగే విధానాల్లో తేడాకు కారణమేమిటి?
2. మంచు ఒక నెల ముందే విరిగితే జీవిత చక్రంలోని ఏ దశ దెబ్బతింటుంది? ఎందుకు?