పేరు చెప్పని అతిథికి ఏ వాకిలి?

ఈనాడు కళాశాల ప్రవేశాలు మొదలు పరీక్షా ఫలితాల వరకు అన్నీ వెబ్‌సైట్ల ద్వారానే తెలుస్తున్నాయి. అయితే ఒకే సర్వరుపై పెక్కు సైట్లు ఉన్నప్పుడు, వచ్చినవారికి ఏది చూపవలెనో ఎవరు నిర్ణయిస్తారు? ఈ సంగతి కంప్యూటరు విద్యార్థులకే గాక, కళాశాల సైటు బాధ్యత వహించే కమిటీ వారికి కూడా తెలియవలసి ఉన్నది.

మనం టైపు చేసిన పేరును డి.ఎన్.ఎస్. అనే వ్యవస్థ ముందుగా అంకెల చిరునామాగా మారుస్తుంది. ఐ.పి. నాలుగవ వెర్షనులో ఇట్టి చిరునామాలు సుమారు 430 కోట్లు మాత్రమే. కనుక ఒకే చిరునామాపై పలు సైట్లు కాపురముండక తప్పలేదు. ఇంటి నెంబరు ఒక్కటే, కాపురాలు పది అన్నమాట! అందుచేతనే 1997లో వెలువడిన హెచ్.టి.టి.పి. 1.1 నిబంధన, ప్రతి అభ్యర్థనలోను 'హోస్ట్' అనే వరుసలో సైటు పేరు చెప్పి తీరాలని శాసించింది.

మరి ఆ పేరు సర్వరుకు తెలియనిదైతే? ఉత్తరంపై పేరు లేకుంటే వాకిలికి దగ్గరివారి చేతికే అది చేరినట్లు, సర్వరు కూడా ఒక సైటును చూపుతుంది. దానినే 'డిఫాల్ట్' సైటు అంటారు. 1995లో పుట్టిన అపాచీ సర్వరులో, ఆ చిరునామాకు రాసిన వాటిలో మొదటిదే డిఫాల్ట్. ఫైళ్లను అక్షర క్రమంలో చదువుతుంది గనుకనే డెబియన్, ఉబుంటు వ్యవస్థలలో తొలి ఫైలు పేరు మూడు సున్నాలతో మొదలవుతుంది. ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన ఎన్జిన్‌ఎక్స్‌లోనూ మొదటిదే డిఫాల్ట్; కాని 'లిజన్' వరుసలో 'డిఫాల్ట్_సర్వర్' అని చేర్చి మనకు కావలసిన దానిని నియమించవచ్చు.

మన సిద్దిపేటనే చూద్దాం. 2016 అక్టోబరు 11న ఇది జిల్లా అయినది. తెలంగాణ ప్రభుత్వ డొమైను కింద జిల్లాకు ప్రత్యేక సైటు ఏర్పడినది. ఇట్లు కొత్త పేరు వచ్చినప్పుడల్లా రెండు పనులుంటాయి. డి.ఎన్.ఎస్.లో పేరు నమోదు చేయటం ఒకటి, సర్వరులో ఆ పేరుకు స్థానం కల్పించటం రెండవది. మొదటిది జరిగి రెండవది మరచిపోతే, ప్రవేశాల గడువు చివరి రోజున దరఖాస్తు కోసం వచ్చిన పల్లెటూరి విద్యార్థికి వేరొకరి పుట కనిపిస్తుంది. హెచ్.టి.టి.పి.ఎస్. అయితే, పేరు సరిపడని సర్టిఫికెట్టు చూచి బ్రౌజరు ప్రమాద హెచ్చరిక చేస్తుంది. అతడు నిరాశతో వెనుదిరగవచ్చు.

ఇంకొక చిక్కు కూడా కలదు. ఎవరో అపరిచితుడు తన డొమైనును మన సర్వరు చిరునామాకు తిప్పితే, అతని పేరు కింద మన సైటు దర్శనమిస్తుంది. కనుక ఏ సైటూ లేని ప్రత్యేక డిఫాల్టును ఏర్పరచి, తెలియని పేర్లకు 404 సమాధానం ఇవ్వటం ఉత్తమం. ఎన్జిన్‌ఎక్స్‌లో 444 అని రాస్తే సమాధానమే లేకుండా సంబంధం తెగిపోతుంది. మార్పులను అమలుపరచే ముందు 'ఎన్జిన్‌ఎక్స్ -టి' ఆజ్ఞతో తప్పులను పరీక్షించవలెను. అపాచీలో 'అపాచీకంట్రోల్ -ఎస్' అంటే ఏది డిఫాల్టో పట్టికగా చూపుతుంది. 'డబ్ల్యు.డబ్ల్యు.డబ్ల్యు.' ఉన్న పేరును, లేని పేరును రెండింటినీ సరిచూడటం మరువరాదు.

భాష విషయమూ ఇట్టిదే. 2017లో ఉర్దూ తెలంగాణ అంతటా రెండవ అధికార భాష అయినది. తెలుగు, ఉర్దూ పుటలు రెండూ ఉన్న సైటులో, తన భాష చెప్పని సందర్శకునికి మొదట ఏది చూపవలెను? బ్రౌజరు పంపే భాషాభిరుచిని గౌరవించి, రెండవ భాషకు దారి పై వరుసలోనే ఉంచటం న్యాయమని మా అభిప్రాయం.

మనం నిర్ణయించకుంటే యంత్రం తన క్రమంలో తాను నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయం ఫైళ్ల వరుసకు వదలక, మనమే ఆలోచించి చేయటం విజ్ఞుల లక్షణం.